అమెరికా ప్రైమరీలను డెలిగేట్ల లెక్కతో చూడటం ఎలా?

అమెరికా అధ్యక్ష ఎన్నికలు అనగానే మనకు నవంబరులో ఒక రాత్రే గుర్తొస్తుంది. అసలు వడపోత అంతకు తొమ్మిది, పది నెలల ముందే, జనవరి, ఫిబ్రవరి చలిలో, ప్రైమరీలు అనే పార్టీ లోపలి ఎన్నికలతో మొదలవుతుంది. నవంబరు వచ్చేసరికి చాలామంది బరిలోంచి తప్పుకుని ఉంటారు. 2016లో ఒక్క రిపబ్లికన్ పార్టీలోనే 17 మంది ప్రముఖులు పోటీకి దిగారు. మిగిలింది ఒక్కరు. ఆ పదహారు మంది ఎక్కడ, ఎందుకు ఆగిపోయారో తెలియకుండా నవంబరు ఫలితం చూడటమంటే, ఇంటర్వెల్ తర్వాత హాల్లోకి వెళ్లినట్టే.

నేను 2008లో ఒబామా, హిల్లరీ క్లింటన్ పోటీ నుంచి ప్రతిసారీ ఒక నోటుబుక్కు పెట్టుకుని ఈ లెక్కలు రాసుకుంటున్నాను. మొదటిసారి ఓట్ల శాతాలు మాత్రమే రాశాను. టెక్సాస్ దగ్గరికొచ్చేసరికి నా పుస్తకం పనికిరాకుండా పోయింది. ఆ ఏడాది మార్చి 4న టెక్సాస్ ప్రైమరీలో ఎక్కువ ఓట్లు క్లింటన్‌కి వచ్చాయి. కానీ అదే రోజు సాయంత్రం జరిగిన కాకస్ (పార్టీ సభ) లెక్క కూడా కలిపితే ఒబామాకు 99 మంది డెలిగేట్లు, అంటే పార్టీ ప్రతినిధులు, క్లింటన్‌కు 94 మంది దక్కారు. టెక్సాస్‌లో ఆ రెండంచెల పద్ధతి ఇప్పుడు లేదు. కానీ ఆ రోజు నేర్చుకున్నది మాత్రం ఇప్పటికీ పనికొస్తోంది. మీరు కూడా ఒక నోటుబుక్కు తీసుకోండి. ఫోన్‌లో రాసుకున్నా సరే.

ముందు "టికెట్" సంగతి తేల్చుకోండి

మన దగ్గర టికెట్ అంటే పార్టీ పెద్దలు ఇచ్చేది. ఆశావహులు హైదరాబాద్‌కో విజయవాడకో ఢిల్లీకో తిరుగుతారు, చివరి నిమిషంలో బీ-ఫారం ఎవరి చేతికొస్తే వాళ్లే అభ్యర్థి. ఇదే ఊహతో అమెరికా వార్తలు చదివితే అంతా తికమకగా ఉంటుంది. అక్కడ పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చేది ప్రధానంగా మామూలు ఓటర్లే. రాష్ట్రం తర్వాత రాష్ట్రంలో వాళ్లు ఓటేస్తారు. ఆ ఓట్లను బట్టి ఒక్కో అభ్యర్థికి కొందరు డెలిగేట్లను కేటాయిస్తారు. వేసవిలో జరిగే జాతీయ కన్వెన్షన్‌లో ఆ డెలిగేట్లలో సగానికి మించి ఎవరి వైపు ఉంటే వాళ్లదే నామినేషన్.

అక్కడా మొదటి నుంచీ ఇలా లేదు. 1968లో హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలో కూడా పోటీ చేయకుండానే డెమొక్రటిక్ నామినేషన్ పొందారు. పార్టీ నాయకులే ఇప్పించారు. షికాగోలో ఆ కన్వెన్షన్ జరుగుతుండగా వీధుల్లో పోలీసులు నిరసనకారులను చితకబాదారు. ఆ గాయంలోంచే సంస్కరణలు పుట్టాయి. 1972 నుంచి ప్రైమరీలకు ఇప్పుడున్న బలం వచ్చింది.

ఇంకో సంగతి. అమెరికా వార్తల్లో "టికెట్" అని వినిపిస్తే అది అధ్యక్ష, ఉపాధ్యక్ష అభ్యర్థుల జంట. ఉపాధ్యక్ష అభ్యర్థికి ప్రైమరీలు ఉండవు. అధ్యక్ష అభ్యర్థే ఎంచుకుంటారు, కన్వెన్షన్ ఆమోదిస్తుంది. 2024 జులై 15న ట్రంప్ జేడీ వాన్స్‌ను ప్రకటించగానే ఆయన భార్య ఉష చిలుకూరి పూర్వీకుల ఊరని పశ్చిమ గోదావరి జిల్లా వడ్లూరు పేరు మన టీవీల్లో మారుమోగింది. ఆ ఎంపికకు ఓటర్లు ఎక్కడా ఓటు వేయలేదు. తేల్చింది ట్రంప్ ఒక్కరే.

మొదటి పేజీలో రెండు అంకెలు రాయండి

పార్టీకి మొత్తం డెలిగేట్లు ఎంతమంది, గెలవడానికి ఎంతమంది కావాలి. ఈ రెండూ పేజీ పైన పెద్దగా రాసుకోండి. 2024లో రిపబ్లికన్లకు మొత్తం 2,429, కావలసింది 1,215. 2020లో డెమొక్రాట్లకు ప్రైమరీల ద్వారా వచ్చే డెలిగేట్లు 3,979, కన్వెన్షన్‌లో మొదటి రౌండు ఓటింగ్‌లో కావలసింది 1,991. ఈ సంఖ్యలు ప్రతి నాలుగేళ్లకూ మారతాయి. పాతవి వాడకండి.

డెమొక్రాట్లలో సూపర్ డెలిగేట్లు అని ఇంకో గుంపు ఉంటుంది. ప్రైమరీలతో సంబంధం లేకుండా పదవి వల్ల డెలిగేట్లయ్యే ఎంపీలు, గవర్నర్లు, పార్టీ పెద్దలు. 2008లో వీళ్లు ఎటువైపు అన్నది పెద్ద టెన్షన్. 2018లో నియమం మార్చారు. పోటీ తేలకుండా కన్వెన్షన్‌కి వెళితే మొదటి రౌండులో వాళ్లకు ఓటు ఉండదు. కాబట్టి మీ పుస్తకంలో వాళ్లను కలపకండి.

జాతీయ సర్వేలకు కూడా ఈ పేజీలో చోటివ్వకండి. దేశమంతా ఒకే రోజు ఓటేయదు కదా.

తేదీలు రాసుకునేటప్పుడు పక్కన డెలిగేట్ల సంఖ్య కూడా వేయండి

ఎన్నో ఏళ్లుగా అయోవా కాకస్‌తో మొదలై, న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ, తర్వాత నెవాడా, సౌత్ కరోలినా రావడం అలవాటు. ప్రైమరీలన్నిటికంటే ముందు తమదే ఉండాలని న్యూ హాంప్‌షైర్ ఏకంగా రాష్ట్ర చట్టమే చేసుకుంది. 2024లో డెమొక్రటిక్ పార్టీ సౌత్ కరోలినాను ముందు పెట్టినా న్యూ హాంప్‌షైర్ ఒప్పుకోలేదు. జనవరి 23నే ప్రైమరీ జరిపింది. బైడెన్ పేరు బ్యాలెట్ మీదే లేదు. అయినా ఓటర్లు ఆయన పేరు చేత్తో రాసి మరీ గెలిపించారు. ఈ వరుస ప్రతిసారీ గొడవే కాబట్టి, పోటీ మొదలయ్యే ముందు ఏడాది చివర్లో రెండు పార్టీల తేదీలూ విడివిడిగా సరిచూసుకోండి.

2024లో రిపబ్లికన్ల 2,429లో అయోవా వాటా ఎంతో తెలుసా? కేవలం 40. అన్ని కెమెరాలు ఆ 40 చుట్టూ తిరుగుతాయి. అయోవా ఇచ్చేది డెలిగేట్లను కాదు, పేరును. 1976లో జిమ్మీ కార్టర్‌ను జాతీయ నాయకుడిని చేసింది ఆ రాష్ట్రమే. నిజానికి ఆ రోజు మొదటి స్థానం కార్టర్‌ది కూడా కాదు. "ఎవరికీ కట్టుబడం" అన్నవాళ్లే ఎక్కువమంది, ఆ తర్వాత కార్టర్.

డెలిగేట్లు కుప్పగా వచ్చేది సూపర్ ట్యూస్‌డే నాడు. సాధారణంగా మార్చి మొదట్లో ఒక మంగళవారం. 2020 మార్చి 3న 14 రాష్ట్రాలు ఒకేసారి ఓటేశాయి. డెమొక్రాట్ల మొత్తం డెలిగేట్లలో మూడో వంతు ఆ ఒక్క రోజే. కాలిఫోర్నియా 415, టెక్సాస్ 228. మీ పుస్తకంలో ఆ తేదీ చుట్టూ ఎర్ర గీత గీయండి.

ప్రతి రాష్ట్రం పక్కన దాని నియమం రాయండి

ఇక్కడ తొందరపడొద్దు. మిగతా పనులన్నీ వదిలేసినా పర్వాలేదు, ఇది మాత్రం చేయండి. ఒకే శాతం ఓట్లు ఒక పార్టీలో సున్నా డెలిగేట్లు తెస్తాయి, ఇంకో పార్టీలో మొత్తం ఊడ్చుకొస్తాయి.

డెమొక్రాట్లది అన్ని రాష్ట్రాల్లోనూ ఒకే పద్ధతి. వచ్చిన ఓట్ల దామాషాలో పంచుతారు, కానీ 15 శాతం గీత దాటాలి. దాటకపోతే ఏమీ రాదు. ఈ గీత రాష్ట్రం మొత్తానికీ ఉంటుంది, ప్రతి కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) నియోజకవర్గానికీ విడిగా ఉంటుంది. 2020 న్యూ హాంప్‌షైర్ డెమొక్రటిక్ ప్రైమరీ చూడండి. అక్కడ ఉన్నవి 24 డెలిగేట్లు. శాండర్స్‌కు 25.6 శాతం, బుటిజెజ్‌కు 24.3, క్లోబుచర్‌కు 19.7. వాళ్లకు వరుసగా 9, 9, 6 వచ్చాయి. బైడెన్‌కు 8.4 శాతం, ఐదో స్థానం, డెలిగేట్లు సున్నా. "శాండర్స్ విజయం" అని ఆ రాత్రి అందరూ రాశారు. డెలిగేట్ల పుస్తకంలో చూస్తే ఆయనకూ రెండో స్థానంలో ఉన్న బుటిజెజ్‌కూ తేడా లేదు.

రిపబ్లికన్లలో రాష్ట్రానికో నియమం. కొన్ని దామాషా, కొన్ని గెలిచినవాడికే మొత్తం, కొన్ని మధ్యస్తం. 2016 ఫిబ్రవరి 20న సౌత్ కరోలినాలో ట్రంప్‌కు 32.5 శాతం ఓట్లు వచ్చాయి. అంటే ప్రతి ముగ్గురిలో ఇద్దరు ఆయనకు ఓటేయలేదు. ఆయన ప్రత్యర్థులు రూబియో, క్రూజ్ ఇద్దరికీ ఇరవై రెండు శాతం పైనే. కానీ డెలిగేట్లు మొత్తం 50 ట్రంప్‌కే వెళ్లాయి. ఎందుకు? అక్కడ రాష్ట్రంలో ముందున్నవాళ్లకు 29, ఏడు కాంగ్రెస్ నియోజకవర్గాల్లో ఒక్కోదానిలో ముందున్నవాళ్లకు మూడేసి. ట్రంప్ రాష్ట్రంలోనూ ముందున్నారు, ఏడింట్లోనూ ముందున్నారు. ఇరవై తొమ్మిది, ఇరవై ఒకటి, యాభై. వ్యతిరేక ఓటు చీలితే ఏమవుతుందో మన నియోజకవర్గాల్లో మనం చూస్తూనే ఉన్నాం. ఇక్కడా అదే జరిగింది. ప్రత్యర్థులు "ఇంకో వారం చూద్దాం" అనుకుంటూ కొనసాగిన ప్రతి వారం ట్రంప్‌కే లాభించింది.

కాబట్టి ప్రతి రాష్ట్రం పక్కన మూడు మాటల్లో రాసుకోండి: "దామాషా, 15 గీత" అనో, "గెలిస్తే అన్నీ" అనో, "సగం దాటితే అన్నీ" అనో. మూడోదానికి ఉదాహరణ కాలిఫోర్నియా రిపబ్లికన్ ప్రైమరీ. 2024లో ట్రంప్ సగం గీత దాటడంతో 169 డెలిగేట్లూ ఆయన ఖాతాలో పడ్డాయి. రాష్ట్ర పార్టీ వెబ్‌సైట్లో ఈ నియమాలు ఉంటాయి. ఒక ఆదివారం మధ్యాహ్నం కూర్చుంటే అన్నీ రాసేయొచ్చు.

ప్రైమరీయా, కాకసా చూడండి

ప్రైమరీ మనకు తెలిసిన పోలింగ్ లాంటిదే. బూతుకు వెళ్లి లేదా పోస్టులో ఓటేయడం. కాకస్ అంటే సభ. ఫలానా సాయంత్రం ఫలానా బడిలోనో చర్చి హాల్లోనో గుమిగూడి, మాట్లాడుకుని, తేల్చుకోవడం. రాత్రి షిఫ్టు ఉన్నవాళ్లు, చంటిపిల్లల తల్లులు రాలేరు. అందుకే కాకస్‌లలో జనం తక్కువ, పట్టుదల ఉన్నవాళ్లు ఎక్కువ. 2020 ఫిబ్రవరి 3న అయోవా డెమొక్రాట్ల కాకస్‌లో ఫలితాలు పంపే యాప్ మొరాయించి, విజేత ఎవరో రోజుల తరబడి తేలలేదు. చివరికి ఓట్లలో శాండర్స్ ముందు, డెలిగేట్లలో బుటిజెజ్ ముందు.

2024 నెవాడాలో ఇంకా విచిత్రం జరిగింది. రాష్ట్ర ప్రభుత్వం ఫిబ్రవరి 6న ప్రైమరీ పెట్టింది, రిపబ్లికన్ పార్టీ ఫిబ్రవరి 8న కాకస్ పెట్టుకుంది. డెలిగేట్లు కాకస్‌కే. ట్రంప్ ప్రత్యర్థి నిక్కీ హేలీ ప్రైమరీలో నిలబడ్డారు, ట్రంప్ కాకస్‌లో. ఆ ప్రైమరీలో "వీరిలో ఎవరూ కాదు" అనే వరుసకు 63 శాతం వచ్చింది. మన నోటా లాంటిదన్నమాట. హేలీ దాని చేతిలో ఓడిపోయారు. గెలిచినా ఆమెకు ఒక్క డెలిగేటు వచ్చేది కాదు. నియమం ముందే రాసుకున్నవాళ్లకు ఆ రాత్రి గందరగోళం లేదు.

ఫలితాల రాత్రి ఇలా కూర్చోండి

ఇండియాలో ఉంటే అది రాత్రి కాదు, మర్నాడు ఉదయం. చలికాలంలో అమెరికా తూర్పు తీరంలో రాత్రి 8 అంటే మనకు తెల్లవారి 6:30. కాలిఫోర్నియా పోలింగ్ ముగిసేది మనకు 9:30కి. టిఫిన్ అయ్యేసరికి మొదటి ఫలితాలు, ఆఫీసుకు వెళ్లాక పెద్ద రాష్ట్రాలు.

విజేతను ముందుగా ప్రకటించేది ప్రభుత్వం కాదు, అసోసియేటెడ్ ప్రెస్ వంటి వార్తా సంస్థలు. వాళ్లు "గెలిచారు" అన్నాక కూడా డెలిగేట్ల పంపకం తేలడానికి సమయం పడుతుంది. కాలిఫోర్నియాలో పోస్టల్ ఓట్ల లెక్కింపు వారాల పాటు సాగుతుంది. అందుకని ఆ రాత్రి అంకెలు పెన్సిల్‌తో రాయండి, లెక్కింపు ముగిశాక మళ్లీ సరిచూడండి. ప్రతి అభ్యర్థికీ మొత్తం కలిపాక, ఇంకా మిగిలిన డెలిగేట్లలో ఎంత శాతం వస్తే మెజారిటీ గీత చేరతారో లెక్కకట్టండి. ఆ శాతం వారం వారం పెరిగిపోతుంటే ఆ అభ్యర్థి దారి మూసుకుపోతోందని అర్థం. స్టేజీ మీద ఎంత ఉత్సాహంగా మాట్లాడినా సరే.

తప్పుకున్నవాళ్ల పేజీ వేరుగా పెట్టండి

ఈ పేజీ నాకు అన్నిటికంటే ఇష్టం. పోటీ మలుపులన్నీ ఇందులోనే కనిపిస్తాయి. కమలా హారిస్ 2019 డిసెంబరు 3న, ఒక్క ఓటు కూడా పడకముందే తప్పుకున్నారు. డబ్బు అయిపోయింది. డబ్బున్నంత మాత్రాన నెగ్గుకురారు కూడా. 2020లో మైకేల్ బ్లూంబర్గ్ వంద కోట్ల డాలర్ల దాకా సొంత సొమ్ము ఖర్చు పెడితే, గెలిచింది పసిఫిక్ దీవుల చిన్న ప్రాంతం అమెరికన్ సమోవా ఒక్కటే. 2024లో వివేక్ రామస్వామి అయోవా రాత్రే 7.7 శాతంతో ఆగిపోయారు.

అన్నిటికంటే పెద్ద మలుపు 2020లో మూడు రోజుల్లో జరిగింది. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్ 48.7 శాతంతో గెలిచారు. అంతకు మూడు రోజుల ముందు ఆ రాష్ట్ర సీనియర్ నల్లజాతి నాయకుడు జిమ్ క్లైబర్న్ మద్దతు ప్రకటించారు. మార్చి 1న బుటిజెజ్, 2న క్లోబుచర్ తప్పుకుని, ఇద్దరూ బైడెన్ పక్కన చేరారు. మార్చి 3న 14 రాష్ట్రాల్లో 10 బైడెన్‌వి. న్యూ హాంప్‌షైర్‌లో సున్నా తెచ్చుకున్న మనిషి మూడు వారాల్లో ముందుకొచ్చేశారు. 2016లో రిపబ్లికన్ ప్రత్యర్థులు చేయనిది 2020లో డెమొక్రాట్లు చేశారు: సమయానికి పక్కకు జరిగారు.

తప్పుకున్నా పేరు బ్యాలెట్ మీద ఉండిపోతుంది. హేలీ 2024 మార్చి 6న ప్రచారం ఆపేశారు. మే 7న ఇండియానాలో ఆమెకు దాదాపు 22 శాతం పడ్డాయి. అవి ట్రంప్ మీద అసంతృప్తి ఓట్లు. వాటినీ రాసిపెట్టుకోండి, నవంబరులో పనికొస్తాయి.

కన్వెన్షన్ దాకా పుస్తకం మూయకండి

ఇప్పుడు కన్వెన్షన్ ఎక్కువగా వేడుకే. 1924లో డెమొక్రాట్లు న్యూయార్క్‌లో 103 రౌండ్లు ఓటేస్తే గానీ అభ్యర్థి తేలలేదు. 1976లో కాన్సస్ సిటీలో రిపబ్లికన్ల కన్వెన్షన్‌లో ఫోర్డ్‌కు 1,187, రీగన్‌కు 1,070 డెలిగేట్ల ఓట్లతో చివరి దాకా ఉత్కంఠ నడిచింది. 1952 తర్వాత ఏ పార్టీకీ రెండో రౌండు అవసరం పడలేదు. అయినా 2024 జులై 21న బైడెన్ తప్పుకోగానే, ప్రైమరీల్లో ఆయన గెలుచుకున్న దాదాపు 3,900 మంది డెలిగేట్లకు ఒక్కసారిగా స్వేచ్ఛ వచ్చింది. ఆగస్టు మొదటి వారంలో ఆన్‌లైన్ ఓటింగ్‌లో వాళ్లే కమలా హారిస్‌ను అభ్యర్థిని చేశారు. డెలిగేటు అంటే మనిషి. ఎవరి తరఫున వచ్చారో వాళ్లే తప్పుకుంటే, ఇక నిర్ణయం ఆ మనిషిదే.

మీరు అమెరికాలో ఉంటే

ముందు వీసా సంగతి. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాల మీద ఉన్నవాళ్లు అభ్యర్థులకు చందా ఇవ్వకూడదు, ఎవరి పేరు మీదా పంపకూడదు. జీతం లేకుండా వాలంటీరుగా పని చేయొచ్చు. గ్రీన్ కార్డు ఉంటే చందా ఇవ్వొచ్చు. 2024లో ఒక అభ్యర్థికి ప్రైమరీకి 3,300 డాలర్లు, నవంబరు ఎన్నికకు విడిగా 3,300 పరిమితి. కానీ ఓటు మాత్రం పౌరులకే. గ్రీన్ కార్డుతో ఓటేస్తే దేశంలోంచి పంపేసే దాకా వెళుతుంది. డ్రైవింగ్ లైసెన్సు ఆఫీసులో ఫారం నింపేటప్పుడు ఓటరు నమోదు గడి ఉంటుంది. పౌరసత్వం రాకముందు దాన్ని పొరపాటున కూడా టిక్ చేయొద్దు. ఇంట్లో అమ్మానాన్నల ఫారాలు మీరే నింపుతుంటే ఇంకా జాగ్రత్త.

పౌరులైతే, నమోదు చేసుకునేటప్పుడు పార్టీ గడి దగ్గర ఆగి ఆలోచించండి. మనవాళ్లు చాలామంది "ఎందుకొచ్చిన గొడవ, ఏ పార్టీ వద్దు" అని రాసేస్తారు. టెక్సాస్, వర్జీనియాల్లో అసలు పార్టీ నమోదే లేదు కాబట్టి ఇబ్బంది లేదు. ఫ్లోరిడా, న్యూయార్క్, పెన్సిల్వేనియాల్లో మాత్రం పార్టీలో నమోదైనవాళ్లకే ఆ పార్టీ ప్రైమరీలో ఓటు. అలాంటి ఒక రాష్ట్రంలో ఉండే నా మిత్రుడు పౌరసత్వం వచ్చాక మొదటి ఓటని పిల్లలిద్దరినీ వెంటపెట్టుకుని పోలింగ్ దగ్గరికి వెళ్లాడు. ఏ పార్టీలోనూ పేరు లేదని అధ్యక్ష ప్రైమరీ బ్యాలెట్ ఇవ్వలేదు. పార్టీ మార్చుకునే గడువు అప్పటికే దాటిపోయింది. 2016లో న్యూయార్క్‌లో ఆ గడువు ప్రైమరీకి ఆరు నెలల ముందే ముగిసింది. ట్రంప్ సొంత పిల్లలు ఇవాంకా, ఎరిక్ కూడా తండ్రికి ఓటేయలేకపోయారు. పార్టీలో నమోదైతే నవంబరులో ఆ పార్టీకే ఓటేయాలని ఏమీ లేదు, అది మీ ఇష్టం.

ముందస్తు ఓటు అవకాశం ఉన్నా, బరిలో ఎక్కువమంది ఉన్నప్పుడు చివరి రోజుల దాకా ఆగడం మేలు. 2020 కాలిఫోర్నియాలో ముందే బుటిజెజ్‌కు ఓటేసి పోస్టులో పంపినవాళ్లకు ఆయన తప్పుకున్నాక చేసేదేమీ లేకపోయింది. చాలా రాష్ట్రాల్లో వేసిన ఓటు వెనక్కి తీసుకోలేం. మీ రాష్ట్ర ఎన్నికల వెబ్‌సైట్లో పేరు, చిరునామా, పార్టీ మూడూ సరిగ్గా ఉన్నాయో లేదో ఎన్నికల ఏడాదికి ముందు దసరా సెలవుల్లోనే చూసుకోండి. అప్పటికి దాదాపు ఏ రాష్ట్రంలోనూ గడువు ముగిసి ఉండదు.